ప్రాక్టికల్ హాల్లో దురాయి

“కాలేజీలో కొడతారేమోనయ్యా,” అన్నాను.

మాల్యాద్రి ట్రంకు పెట్టెకి ఇంకా తాడు కట్టడం కూడా అవలేదు. మా ఆయన చిన్నపోలయ్య పెట్టె మీద మోకాలు ఆనించి, తాడు కొస పళ్ళతో పట్టి లాగుతున్నాడు. తాడు నోట్లో ఉండగానే నవ్వాడు.

“ఇది కాలేజీ గూడా కాదు మే. యూనివర్సిటీ. బీయెస్సీ అయిపోయినోళ్ళు పోయే చోటు. మీసాలొచ్చినోళ్ళని ఎవురు కొడతారు? వాళ్ళల్లో వాళ్ళు కొట్టుకుంటే తప్ప.”

“అదే, వాళ్ళల్లో వాళ్ళు కొట్టుకుంటే?”

“ఇదుగో అమా,” అన్నాడు మాల్యాద్రి. “నెల్లూరికి చదవబోయేటప్పుడు బస్సు కింద పడతానన్నావు. పడలా. పెన్నలో కొట్టుకుపోతానన్నావు. పోలా. హోటలు సాంబార్లో బల్లి పడుద్దన్నావు…”

“పడింది గదరా!”

“పడింది. నేను చావలా గదా!”

తండ్రీ కొడుకులు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇన్ని గండాలు తప్పిపోయాయంటే, తప్పనిది ఇంకెక్కడో కాచుకుని ఉందనే నా భయం.

అది అరవై రెండో సంవత్సరం. వాకాడు అవతల సముద్రం ఒడ్డున మా పాళెం. అందరం చేపలు పట్టి బతికేవాళ్ళమే. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివిన ఆడది పాళెం మొత్తానికి నేనొక్కతెనే, యూనివర్సిటీ దాకా పోయిన మగవాడు నా కొడుకొక్కడే. జంతుశాస్త్రం తీసుకున్నాడు. “చేపల్నీ కప్పల్నీ కోసి చూసే చదువంట,” అని చిన్నపోలయ్య పాళెమంతా చెప్పుకున్నాడు. “మన ఆడోళ్ళు రోజూ కోస్తుండారే, వాళ్ళకీ ఇప్పించు ఒక డిగ్రీ,” అని తెప్పల దగ్గర వేళాకోళం చేశారు.

దసరా సెలవలకి వచ్చినప్పుడు వాడి మోచేతులు చూశాను. తోలు లేచిపోయి నల్లగా పక్కు కట్టి ఉన్నాయి.

“ఏందిరా ఇది?”

“ఈత, అమా.”

“ఆడ ఏరు యాడుందిరా?”

ఏరు లేదట. హాస్టలు వరండాలో పెద్ద క్లాసు వాళ్ళు “పాళెపోడివి గదా, ఈది చూపించు” అని సిమెంటు నేల మీద బోర్లా పడుకోబెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఈదించారట. ఆగితే వీపు మీద బెల్టు. వాడు నవ్వుతూనే చెప్పాడు.

“కొత్తగా వచ్చినోళ్ళకి అందరికీ ఏదో ఒకటి ఉంటుందిమా. నాకు ఈత పడింది. నా గదిలో యెహోషువ ఉండాడే, వాడిది గూడా సముద్రం ఒడ్డే, మనకి ఉత్తరాన పాళెం. వాడి చేత స్తంభానికి పెళ్ళి ప్రసంగం చెప్పించినారు. బ్రహ్మాండంగా చెప్పినాడు. స్తంభం ఒప్పుకోలా, అంతే.”

ఆ నవ్వు కామాక్షయ్య పేరు వచ్చేసరికి ఆగిపోయింది. ఆయన లెక్చరరు.

“ఆయన పాఠం చెప్పడుమా, చదువుతాడు. ఎప్పుడో రాసిపెట్టుకున్న కాయితాలు, అంచులు చిరిగిపోయి ఉంటాయి. మేం తలెత్తకుండా రాసుకోవాల. ఉన్నట్టుండి ఆపేస్తాడు. ఒకడి పేరు పిలిచి ఇంగ్లీషులో ప్రశ్న వేస్తాడు. చేతిలో సుద్దముక్క పైకి ఎగరేస్తాడు. అది మళ్ళీ చేతిలో పడేలోగా జవాబు రావాల.”

“రాకపోతే?”

వాడు చేతి కణుపులు చూపించాడు. చెక్క స్కేలు అంచుతో కొట్టిన దెబ్బలు. ఒకటి మానకముందే దాని మీద ఇంకొకటి పడి ఉంది.

“జవాబు తెలవదా నీకు?”

“తెలుసు. తెలుగులో తెలుసు. దాన్ని ఇంగ్లీషులోకి తిప్పేలోగా సుద్ద కిందికొచ్చేస్తుంది. మిగతావాళ్ళు ఏదో ఒకటి అరిచేస్తారు. తప్పు చెప్తే తిట్టుతో పోద్ది. ఆయనకి తప్పు చెప్పినా అంత కోపం రాదుమా. గమ్మనుంటేనే పిచ్చెత్తుద్ది.”

చిన్నపోలయ్య వల కుడుతున్న చేయి ఆగింది. “పేరేందన్నావు?”

“కామాక్షయ్య.”

ఆ అడగడమే నాకు నచ్చలేదు. మా ఆయన చేతుల సంగతి నాకు తెలుసు. ఒకసారి తెప్ప మీదికి లాగిన సొరచేపని తెడ్డుతో కొట్టి చంపాడు. అది చచ్చాక కూడా కొడుతూనే ఉంటే, తోటివాళ్ళు రెక్కలు పట్టుకుని ఆపారు.

“మానేయరా నాయనా ఆ చదువు,” అన్నాను.

“మాననుమా. ఆడ లైబ్రరీ ఎట్టా ఉండాదో తెలుసా? నిచ్చెన వేసుకోని ఎక్కి పుస్తకం తీసుకోవాల. ఆ పై వరస దాకా చదివిందాకా నేను రాను.” తండ్రి వైపు తిరిగాడు. “మాఘమాసంలో మమ్మల్నందర్నీ సముద్రం కాడికి తీసుకపోతారు నాయనా, జీవాల్ని పట్టి సీసాల్లో పెట్టేదానికి. ఈ యేడు మన పాళేనికే రమ్మని చెప్పినా. తెప్పలు చూడు.”

చిన్నపోలయ్య తలూపాడు.

మా పాళేల కట్టుబాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. మాలో ఎవరికైనా అన్యాయం జరిగితే, ఎంత చిన్నవాడైనా సరే, నిలబడి గట్టిగా “దురాయి” అంటాడు. ఆ మాట పడ్డాక ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళు కింద పెట్టేయాలి. అన్యాయం చేసినవాణ్ణి ఆ తర్వాత ఎవరూ ముట్టుకోరు. కొట్టరు, చేయిచ్చి లేపరు, పలకరు, గుక్కెడు నీళ్ళు పోయరు. పెద్దలు కూర్చుని తేల్చేదాకానో, పెట్టినవాడు తన నోటితో ఎత్తేసేదాకానో అంతే.

మాల్యాద్రి చిన్నప్పుడు మా ఇంటి ముందే ఇద్దరు అన్నదమ్ములు చేపల కత్తులతో పొడుచుకున్నారు. తమ్ముడి కడుపు తెగి పేగు కనపడుతోంది. వాడు పడిపోతూ ఆ మాట అన్నాడు. రెండో పోటుకి ఎత్తిన కత్తి అన్న చేతిలోంచి జారి ఇసుకలో పడింది. నా కొడుకు నా కొంగు పట్టుకుని అది కళ్ళారా చూశాడు. వాడికి ఆ మాట ఎండా వానా లాంటిది. ఎక్కడైనా ఒకేలా ఉంటుందనుకున్నాడు.

మాఘమాసం మొదట్లో ఒక మధ్యాహ్నం యెహోషువ వాణ్ణి బస్సు దించి, భుజం పట్టి నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. పై పెదవి రెండుగా చీలి ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చూపుడు వేలికి కర్రముక్క కట్టి ఉంది. ఎడమ చెవిలో పెట్టిన దూది నెత్తురుతో నల్లబడి గట్టిపడింది.

“ఎవురురా? ఎవురు కొట్టినారు నాయనా?”

నన్ను గోడని చూసినట్టు చూశాడు.

యెహోషువ చెప్పాడు. “ప్రాక్టికల్ హాల్లో పెద్దమ్మా. కప్పని కోస్తుండాము. కామాక్షయ్య సారు వీడి ట్రే కాడ నిలబడి ఏదో నరం పేరు అడిగినాడు. వీడు చెప్పబోతుండాడు, సుద్ద పడిపోయింది. ‘మీ పాళెంలో నోరు మూసుకుని వల లాగడమే నేర్పారా’ అని ఆ ఇనప ట్రే ఎత్తి వీడి చేతి మీద కొట్టినాడు. వేలు ఇరిగిన చప్పుడు నాకు ఇనపడింది పెద్దమ్మా.”

“తర్వాత?”

“వీడు లేచి నిలబడి దురాయి అన్నాడు.”

గడపలో నిలబడిన చిన్నపోలయ్య లోపలికి వచ్చాడు. “ఏమన్నాడూ?”

“దురాయి అన్నాడు పెదనాయనా. హాలంతా ఇనపడేట్టు. నా చేతిలో కత్తెర నాకు తెలవకుండానే కింద పెట్టేసినా. ఇంకెవురూ పెట్టలా. వాళ్ళకేం తెలుసు? ఒకడు నవ్వినాడు. వాణ్ణి చూసి అందరూ నవ్వినారు. సారుకి అది బూతనిపించిందో, శాపమనిపించిందో. చెంప మీద కొట్టబోతే చెవి మీద పడింది. మళ్ళీ కొట్టినాడు. వీడు చెయ్యి అడ్డం పెట్టుకోలా పెద్దమ్మా.”

“ఎందుకు పెట్టుకోలా?”

“దురాయి పెట్టినాక ఎవురన్నా కొడతారా? అట్టనే నిలబడుండాడు, ఇంక కొట్టరనుకోని. ఆయన కొడతానే ఉండాడు. మొహం మీద పిడికిలితో గుద్దినాడు. కింద పడితే బూటుకాలితో తన్నినాడు. ఆఖరికి స్టూలు ఎత్తినాడు. అప్పుడు అటెండరు ఎనకనుంచి వాటేసుకున్నాడు.”

చిన్నపోలయ్య నీళ్ళకుండని కాలితో తన్నాడు. అది పగిలి, నీళ్ళు మాల్యాద్రి పాదాల కిందికి పారినా వాడు కాళ్ళు తీసుకోలేదు. మా ఆయన చూరులో ఉన్న కత్తి లాగి, చొక్కా కూడా వేసుకోకుండా బస్సు దారి పట్టాడు. నేను కాళ్ళు పట్టుకుంటే నన్ను ఈడ్చుకుంటూనే నడిచాడు. మోకాళ్ళు దోక్కుపోయాయి, వదల్లేదు. మా పాళేనికి పెద్ద, పెదకాపు ముత్యాలయ్య ఎదురొచ్చి, రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“దురాయి పడింది పోలిగా. నువ్వు పొడిస్తే, నీ కొడుకు మాట నువ్వే తొక్కినట్టు.”

“ఆడ పెట్టిన దురాయి ఈడ చెల్లుద్దా మావా?” అని గుంపులో ఎవరో అడిగారు.

“నడిసముద్రంలో పెడితే చెల్లుద్ది గదా? ఆడేమన్నా పాళెం ఉండాదా?” అన్నాడు ముత్యాలయ్య. “ఆ సారు మన మనుషుల కంటపడితే మాట లేదు, నీళ్ళు లేవు, తెప్ప లేదు. అంతే.”

చిన్నపోలయ్య కత్తి ఇసుకలో పారేశాడు. మోకాళ్ళ మీద కూలబడి పిడికిళ్ళతో ఇసుకని గుద్దుతూ ఉండిపోయాడు. ఆ రోజుకి ఉరికంబం తప్పింది మాకు అనుకున్నాను.

నెల్లూరు ఆసుపత్రిలో చూపించాము. చెవి లోపలి పొర చిరిగిపోయిందని, ఆ చెవి ఇక వినపడదని చెప్పారు. “గొంతుకేమీ కాలేదమ్మా. మాట్లాడాలనుకుంటే మాట్లాడతాడు,” అన్నాడు డాక్టరు. కానీ వాడు మాట్లాడలేదు. పెట్టింది తినేవాడు, సముద్రం వైపు తిరిగి కూర్చునేవాడు. నడుచుకుంటూ అలల్లోకి పోతాడేమోనని నేను వాడి వెనకే కూర్చునేదాన్ని. ఎడమవైపు నుంచి పిలిస్తే తిరిగేవాడు కాదు. కుడివైపు నుంచి పిలిస్తే తిరిగి చూసి, మళ్ళీ సముద్రం వైపు తిరిగేవాడు. యెహోషువ కూడా యూనివర్సిటీకి తిరిగి పోకుండా మా ఇంట్లోనే ఉండిపోయాడు.

కామాక్షయ్య రాడనుకున్నాను. ఇంత చేసినవాడు ఏ మొహం పెట్టుకుని వస్తాడు? అయినా రోజూ సరుగుడు తోటల వైపు చూస్తూనే ఉన్నాను. ఒక పొద్దున ఆ తోటల పక్కన వ్యానొకటి ఆగింది. విద్యార్థులు బిలబిలా దిగారు.

రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. పొట్టిగా, సన్నగా, తెల్ల చొక్కా వీపుకి అతుక్కుపోయి, బూట్లలోకి ఇసుక పోయి కుంటుతూ వచ్చాడు. చంకలో గాజు జాడీ. దాని నిండా ఘాటైన మందునీళ్ళు.

“మాల్యాద్రి వాళ్ళ పల్లె ఇదేనా?” అన్నాడు.

ఎవరూ పలకలేదు. మగవాళ్ళంతా తెప్పల పక్కన వరసగా కూర్చుని వలలు కుడుతున్నారు. నేను కొడుకుతో కాస్త దూరంలో ఉన్నాను. వాడు ఆయన్ని చూశాడు.

“తెప్పలు కావాలని చెప్పి పంపించాం కదా? కుర్రాడు నాలుగు దెబ్బలకే అలిగి ఇంటికొచ్చి కూర్చున్నాడు. దెబ్బలు తినకుండా ఎవడికొచ్చిందయ్యా చదువు? రమ్మనండి, క్లాసులు పోతున్నాయి.” జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “ముందు కాసిని మంచినీళ్ళు ఇవ్వండి.”

ముత్యాలయ్య సముద్రం వైపు మొహం తిప్పుకున్నాడు.

కామాక్షయ్య మొహం ఎర్రబడింది. బెంచీల మధ్య తిరిగినట్టు మా మగవాళ్ళ మధ్య నడిచాడు. ఒక్కొక్కరి ముందూ ఆగాడు. “నువ్వు చెప్పు. నువ్వు?” ఎవరూ తల ఎత్తలేదు. వరస చివర కూర్చున్నది మా ఆయన. ఆయనెవరో కామాక్షయ్యకి తెలియదు. దేవుడా, అక్కడికి పోకుండా చూడు, అనుకున్నాను. పోయాడు.

“నిన్నే. నీ పేరేమిటి?”

చిన్నపోలయ్య తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. పలకలేదు.

“చెవిటివాడివా?” అని చెంప మీద ఫెడీమని కొట్టాడు.

వల పక్కన పెట్టి చిన్నపోలయ్య నెమ్మదిగా లేచాడు. లేస్తూనే తెడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బకి జాడీ పగిలింది. మందునీళ్ళ ఘాటుకి అందరి కళ్ళూ మండాయి. రెండో దెబ్బ మోకాలి మీద పడింది. పచ్చికట్టె విరిగిన చప్పుడైంది. కామాక్షయ్య పెట్టిన కేక మనిషి కేకలా లేదు. గాజుపెంకుల మీదే పడ్డాడు, రెండు అరచేతులూ చీలిపోయాయి. ముందుకొచ్చిన విద్యార్థి ఒకడి నుదురు తెడ్డు తగిలి పగిలింది. “ఎనక్కి పోండిరా, చంపేస్తాడు!” అని యెహోషువ మిగతావాళ్ళని నెట్టాడు.

“పోలిగా! దురాయిలో ఉన్న మనిషి!” అని ముత్యాలయ్య అరిచాడు.

“నా కొడుకు దురాయి పెట్టి నిలబడితే వీడు ఆగినాడా మావా? నేనెందుకు ఆగాల?”

తెడ్డు పారేసి, కామాక్షయ్య చొక్కా కాలరు పట్టుకుని అలల్లోకి ఈడ్చుకుపోయాడు. విరిగిన కాలు వెనకాల ఇసుకలో మెలికలు తిరుగుతూ పోయింది. నడుము లోతు నీళ్ళల్లో తల ముంచాడు. అల పోయాక పైకి లేపాడు. ఆయన నోట్లోంచి ఇసుకా నీళ్ళూ కలిసి వచ్చాయి. మళ్ళీ ముంచాడు.

ఒడ్డున నిలబడినవాళ్ళల్లో ఆ అలలకి వెరిచేవాడు ఒక్కడు లేడు. అయినా ఒక్కడూ కదల్లేదు. దురాయిలో ఉన్నవాడికి చేయి అందించకూడదు. నేను పరిగెత్తాను. నేను ముట్టుకున్నది మా ఆయన చేతిని, కామాక్షయ్యని కాదు. వదలమని కొరికాను. విదిలిస్తే మోచేయి నా నోటికి తగిలింది. పన్నొకటి ఊడి నాలుక మీద పడింది. అల వచ్చి నన్ను కింద పడేసి, మళ్ళీ ఒడ్డుకి విసిరింది.

“ఆయన చస్తే నిన్ను ఉరి తీస్తారయ్యా! అబ్బోడికి ఎవురుండారు?” అని నోట్లో నెత్తురుతోనే అరిచాను.

“వాణ్ణి చెప్పమను! దురాయి పెట్టింది వాడు. ఎత్తేస్తన్నానని నా కొడుకు నోటితో అంటే, వాడు వదిలేసినట్టే, నేనూ వదుల్తా. అనకపోతే వీడు ఈడనే!”

మళ్ళీ ముంచాడు. ఈసారి కామాక్షయ్య చేతులు కొట్టుకోవడం కూడా తగ్గింది.

ముత్యాలయ్య మాల్యాద్రి దగ్గరికి పరిగెత్తాడు. “అబ్బయా, నువ్వే చెప్పాల. ఉంచేదా, ఎత్తేదా?”

వాడు చలించలేదు.

“అటు కాదు మావా, ఆ చెవి పోయింది! కుడిపక్కన అడుగు!” అన్నాను.

ముత్యాలయ్య అటు తిరిగి మళ్ళీ అడిగాడు. వాడు విన్నాడు. విన్నట్టు వాడి కన్నులో తెలిసింది. తెడ్డుదెబ్బ తిన్న కుర్రాడు నుదురు పట్టుకుని ఏడుస్తున్నాడు. మాల్యాద్రి ఆ కుర్రాడి వైపు చూశాడు. నా నోటి వైపు చూశాడు. నీళ్ళల్లో తండ్రినీ, తండ్రి చేతిలో వేళ్ళాడుతున్న ఆ తెల్ల చొక్కానీ చూశాడు. మాట రాదేమో. వచ్చినా ‘ఉంచండి’ అంటాడేమో. అలా అంటే, ఒకే రోజు నాకు మొగుడూ పోతాడు, కొడుకూ పోతాడు. వాడి కాళ్ళ మీద పడ్డాను. చెప్పమని అడగలేకపోయాను. ఏమని చెప్పమనేది? వాడి పాదం పట్టుకుని ఉండిపోయాను. ఒక అల వచ్చి పోయింది. ఇంకొకటి వచ్చింది.

వాడి చీలిన పెదవి కదిలింది. కట్టిన పక్కు విడి నెత్తురు వచ్చింది. గొంతు తుప్పు పట్టినట్టు ఉంది.

“ఎత్తేస్తుండా,” అన్నాడు. తర్వాత తండ్రికి వినపడేట్టు అరిచాడు. “వదులు నాయనా. ఒడ్డుకి తెచ్చి నీళ్ళియ్యండి ఆయనకి. నన్నెందుకు కొట్టినాడో పెద్దల ముందర ఆయనే చెప్పాల. చచ్చిపోతే ఎవురు చెప్తారు?”